ఆకాశంలో దారి చూపే పెట్టె: ఏది కొనాలి?

మీరు కొత్త ఊరు వెళ్ళారు. దారి తెలియలేదు. ఏం చేస్తారు? టీ కొట్టు దగ్గర ఆగి అడుగుతారు. "ఆ మర్రిచెట్టు దగ్గర ఎడమకు తిరిగి, చెరువు గట్టు పట్టుకుని పొండి" అని ఎవరో ఒకరు చెబుతారు. అడగడానికి మొహమాటమైతే ఓ పక్కగా నిలబడి ఆలోచించుకుంటారు.

ఇలా నిలబడి ఆలోచించుకోవడం ఎంత గొప్ప సౌకర్యమో మనకు తట్టదు. చిన్న విమానం నడిపేవాడికి ఆ సౌకర్యం లేదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఆలోచించాలి. ఒక్క నిమిషం తికమకపడితే మూడు కిలోమీటర్ల పైచిలుకు దాటిపోతుంది. దారి దొరికినా దొరకకపోయినా ట్యాంకులో పెట్రోలు తరిగిపోతూనే ఉంటుంది.

మా అక్క కొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరం దగ్గర ఉంటాడు. వారమంతా కంప్యూటరు ఉద్యోగం. సెలవు రోజున విమాన క్లబ్బుకు పోయి, నాలుగు సీట్ల సెస్నా 172 అద్దెకు తీసుకుని, ఓ రెండు గంటలు సరదాగా తిరిగి వస్తాడు. సెస్నా 172 చాలా పాత రకం. 1955లో మొదటిసారి ఎగిరింది. మధ్యలో కొన్నేళ్ళు తయారీ ఆగినా, మళ్ళీ మొదలుపెట్టి ఇప్పటికీ తయారు చేస్తున్నారు. మన దేశంలో ఇలా సరదాకి విమానం నడిపేవారు బహు అరుదు. అక్కడ లైసెన్సు ఉంటే అది వింతేమీ కాదు.

ఓ రోజు వాడు ఫోను చేసి, "మామయ్యా, విమానంలోకి చేత్తో పట్టుకుపోయే జి.పి.ఎస్. ఒకటి కొందామనుకుంటున్నాను. ఏది కొనను?" అని అడిగాడు. నేను ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణే గాని, విమానంలో పైలట్ సీటు దగ్గరకు కూడా పోలేదు. అయినా అడిగాడు కనుక నెల రోజులు చదివాను. ఆ క్లబ్బువాళ్ళతో ఫోనులో మాట్లాడాను. చివరికి నాకంటూ ఓ అభిప్రాయం ఏర్పడింది. అదే మీకు చెబుతున్నాను. నచ్చకపోతే వాదించండి.

ఆ క్లబ్బులో రెండు పక్షాలున్నాయి. నేర్పే పెద్దవాళ్ళది ఒక పక్షం: "పటం, దిక్సూచి, చేతి గడియారం ఉంటే చాలు. ఈ పెట్టెలు మనిషిని సోమరిని చేస్తాయి." కుర్రవాళ్ళది రెండో పక్షం: "అందరి దగ్గరా టాబ్లెట్ ఉంది. అందులో పటం వేసుకుంటే సరి. వేరే పెట్టె ఎందుకు డబ్బు దండగ?" వీరిద్దరిలో ఎవరితోనూ నేను పూర్తిగా ఏకీభవించను.

ముందు పెద్దవాళ్ళ సంగతి చూద్దాం. డాలస్‌లో చాలా పెద్ద విమానాశ్రయం ఉంది. దాని చుట్టూ ఆకాశాన్ని అంతస్తులుగా విభజించారు. గుడి గోపురాన్ని తలకిందులు చేసి నిలబెట్టినట్టు ఊహించుకోండి. నేల దగ్గర ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. అనుమతి లేకుండా చిన్న విమానం అందులోకి పోకూడదు, ఎందుకంటే వందల మందిని మోసుకొచ్చే జెట్ విమానాలు అందులోనే దిగుతూ లేస్తూ ఉంటాయి. ఈ అంతస్తుల గీతలు పటంలో ఉంటాయి గాని నేలమీద ఉండవు. కిందకు చూస్తూ "అదిగో రైలుపట్టా, అదిగో చెరువు, కాబట్టి గీత ఇక్కడుండాలి" అని పైలట్ అంచనా వేసుకోవాలి. అనుభవజ్ఞుడే ఒకటి రెండు కిలోమీటర్లు పొరబడవచ్చు. జి.పి.ఎస్. తెరమీద ఆ గీతా, తన విమానం బొమ్మా పక్కపక్కనే కనబడతాయి. ఇంత మంచి సాధనం ఉండగా వద్దనడం ఛాదస్తమేనని నా ఉద్దేశం.

దారి తప్పడం చిన్న విమానాలకే పరిమితం కాదు. 1983 సెప్టెంబరు 1న దక్షిణ కొరియాకు చెందిన ఓ పెద్ద ప్రయాణికుల విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. అక్కడి యుద్ధవిమానం దాన్ని కూల్చివేసింది. అందులోని 269 మందీ మరణించారు. అప్పటికి జి.పి.ఎస్. అమెరికా సైన్యం కోసం తయారవుతున్న ఏర్పాటు. ఆ దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే, అది పూర్తయ్యాక పౌరులూ వాడుకోవచ్చునని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. 1995 నాటికి ఆ ఏర్పాటు పూర్తిస్థాయిలో పనిచేయసాగింది.

మరి అది ఎలా పనిచేస్తుంది? నిజానికి అది గడియారాల ఆట. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసం 24 ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. ప్రతిదానిలోనూ అతి ఖచ్చితమైన పరమాణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని ప్రతి ఉపగ్రహమూ రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఆ మాట మనల్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో తెలిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలిసినట్టే, ఎందుకంటే రేడియో తరంగాలు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతాయి. ఇలా మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తేలుతుంది.

అయితే నాలుగో ఉపగ్రహం కూడా కావాలంటారు. ఎందుకో ఆలోచించారా? మన చేతిలో ఉన్నది పరమాణు గడియారం కాదు, చవక గడియారం. అది సెకనులో పదిలక్షలవ వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పు ఎంతో లెక్కగట్టి దిద్దుకోవడానికే నాలుగో ఉపగ్రహం. మీరు బీజగణితంలో చదువుకున్నారు కదా, తెలియని రాశులు నాలుగుంటే సమీకరణాలు నాలుగు కావాలని. ఇదీ అంతే.

ఇక ఐదో ఉపగ్రహం ఓ సాక్షి వంటిది. నలుగురు చెప్పిన దానితో ఐదోవాడి మాట పొసగకపోతే ఎవరో తప్పు చెబుతున్నారని తెలిసిపోతుంది. విమానం పలకలో శాశ్వతంగా బిగించి, మబ్బులలో కూడా నమ్ముకుని ఎగరడానికి అనుమతి పొందిన జి.పి.ఎస్.లు ఈ పరీక్ష చేసి తీరాలి. తప్పు కనిపిస్తే పైలట్‌ను హెచ్చరించాలి. చేత్తో పట్టుకుపోయే పెట్టెలకు ఆ నిర్బంధం లేదు. అవి ఎంత ముచ్చటగా ఉన్నా సహాయకులు మాత్రమే. ఈ సంగతి ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మావాడికి నేను మొదట చెప్పింది ఇదే.

ఇప్పుడు మీరే ఓ ప్రయోగం చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను అడిగి తీసుకుని, ఆకాశం బాగా కనిపించే మేడమీద పెట్టండి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు చూపే యాప్ తెరవండి. ఐదు నిమిషాలకోసారి ఆ అంకెలు కాగితంమీద రాసుకోండి. ఫోను కదలకపోయినా అంకెలు కాస్త మారుతుంటాయి. సాధారణంగా ఎత్తు అంకె మిగతా రెండింటికన్నా ఎక్కువ ఊగుతుంది. ఎందుకంటే, ఉపగ్రహాలు మనకు తూర్పున, పడమర, ఉత్తరాన, దక్షిణాన అన్ని పక్కలా ఉంటాయి గాని కింద ఉండవు. భూమి అడ్డం కదా! గుంజకు నాలుగు పక్కలా తాళ్ళు కడితే అది పక్కలకు ఒరగదు. కిందా మీదా కూడా పట్టు ఉంటేనే పైకీ కిందకీ కదలదు.

కాబట్టి ఎత్తు కోసం పైలట్లు పాత పద్ధతినే వాడతారు. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. దాన్ని బట్టి ఎత్తు చూపే ముల్లు విమానంలో ఉంటుంది. అదీ తప్పవచ్చు. కాని ఆ చుట్టుపక్కల ఎగిరేవారంతా ముల్లును ఒకే పీడనానికి సరిచేసుకుంటారు గనుక, తప్పినా అందరికీ ఒకేలా తప్పుతుంది. మీ గడియారమూ, మీ స్నేహితుడి గడియారమూ ఐదేసి నిమిషాలు వెనకబడి ఉన్నా, ఇద్దరూ బస్టాండులో ఒకే సమయానికి కలుసుకుంటారు గదా! ఒకడు మాత్రమే సరైన గడియారం పెట్టుకుంటేనే చిక్కు. మావాడు చూసిన ఓ పెట్టె ఎత్తును పెద్ద పెద్ద అంకెల్లో చూపుతోందట. అది గొప్ప అన్నట్టు దుకాణంవాడు చెప్పాడట. నాకు అది గొప్పగా తోచలేదు.

జి.పి.ఎస్. తప్పులను తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. ఉపగ్రహాల మాట వాతావరణంపై పొరలు దాటి వచ్చేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. తమ చోటు ముందే ఖచ్చితంగా తెలిసిన నేలమీది కేంద్రాలు ఆ తప్పును కొలిచి, మరో ఉపగ్రహం ద్వారా అందరికీ చెబుతాయి. అమెరికాలో 2003 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మన ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన 'గగన్' కూడా ఇటువంటిదే. దానికి 15 కొలత కేంద్రాలున్నాయి. కొనే పెట్టె ఈ దిద్దుబాటును అందుకోగలదో లేదో చూసుకోవాలి.

ఇక కుర్రవాళ్ళ టాబ్లెట్ సంగతి. నిజం చెప్పాలంటే దాన్ని తీసిపారేయలేం. తెర పెద్దది, అక్షరాలు పెద్దవి. చాలామంది దగ్గర ఉన్నదే కనుక కొత్తగా ఖర్చు లేదు. నా వయసు కళ్ళకైతే అదే హాయి. కాని ముందు ఓ తిరకాసు గమనించండి. సిమ్ కార్డు అవసరం లేని చవక రకం టాబ్లెట్లు కొన్నింటిలో అసలు జి.పి.ఎస్. గ్రాహకమే ఉండదు. చుట్టుపక్కల వై-ఫై పెట్టెలను బట్టి అవి తమ చోటు ఊహించుకుంటాయి. ఊళ్ళో పరవాలేదు. పొలాలమీద కిలోమీటరు ఎత్తున ఏ వై-ఫై ఉంటుంది? మావాడు అటువంటిది కొనబోయి, ఆఖరి నిమిషంలో ఆగాడు.

సరే, గ్రాహకం ఉన్న టాబ్లెటే ఓ స్నేహితుడి దగ్గర తీసుకున్నాడు. జూలై నెల. అక్కడి ఎండ మన రెంటచింతలను తలపించింది, 39 డిగ్రీలు. చాలా టాబ్లెట్లు చుట్టూ 35 డిగ్రీల వేడి వరకే సరిగా పనిచేస్తాయని వాటి తయారీదారులే రాస్తారు. పైకి పోతే గాలి చల్లబడుతుంది గదా అని మీరు అడగవచ్చు. నిజమే, కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కాని అద్దాల గదిలాంటి ఆ చిన్న విమానంలో, నల్లని పలకమీద ఎండ నేరుగా పడుతుంటే బయటి చల్లదనం దానికి అందదు. ఎగిరిన నలభై నిమిషాలకు టాబ్లెట్ "వేడెక్కాను" అని ఓ ముక్క రాసి ఆరిపోయింది.

"ఆరిపోయినందుకు భయం వేయలేదు మామయ్యా. పటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. దానిమీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అప్పుడు భయం వేసింది" అన్నాడు.

ఈ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పటం ఉంది. దిక్సూచి ఉంది. పెద్దవాళ్ళు చెప్పినవన్నీ ఉన్నాయి. కాని నలభై నిమిషాలుగా వాడు తెరనే చూశాడు. కిందనున్న భూమిని చూడలేదు. పది నిమిషాల క్రితం ఎక్కడున్నాడో గుర్తు లేదు. అదృష్టం బాగుండి, కాసేపటికి ఎర్ర నదిమీద కట్టిన డెనిసన్ ఆనకట్టా, దాని వెనక టెక్సోమా జలాశయమూ కనిపించాయి. అంత పెద్ద నీరు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. అప్పుడు వేలు ఎక్కడ పెట్టాలో తెలిసింది. మబ్బు కమ్మి ఉంటే ఏమయ్యేదో మా అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి నా ఎంపిక విమానాల కోసమే చేసిన చిన్న పెట్టె. గార్మిన్ కంపెనీ ఏరా రకం అటువంటిది. తెర అరచేతికి కాస్త పెద్దది. ఎండలో కూడా కనబడేలా చేస్తారు, వేడికి తట్టుకుంటుంది. విమానం నుంచి కరెంటు తీసుకుంటుంది, అది పోతే లోపలి బ్యాటరీ ఉంది. ధర టాబ్లెట్‌కన్నా ఎక్కువే, ఒప్పుకుంటాను. దుకాణంలో దీపాల కింద చూసి కొనవద్దని, బయటకు తెచ్చి మిట్టమధ్యాహ్నం చూడమని చెప్పాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూడా చూడమన్నాను. కొన్ని రకాల చలవ కళ్ళద్దాలు కాంతిని ఒక దిశలోనే పోనిస్తాయి. తెరల కాంతీ ఒక దిశలోదే. రెండూ అడ్డంగా వస్తే తెర నల్లగా కనబడుతుంది. మీ ఇంట్లో అటువంటి కళ్ళద్దాలుంటే వాటిలోంచి ఫోను తెరను చూస్తూ ఫోనును మెల్లగా తిప్పండి, తమాషా తెలుస్తుంది.

పెట్టె ఒకసారి కొంటాం. పటాలు మాత్రం కొంటూనే ఉండాలి. ఆకాశపు దారుల సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. కాగితపు పటాలను అమెరికాలో 56 రోజులకోసారి కొత్తగా అచ్చు వేస్తారు. డాలస్‌కు నైరుతి దిక్కున సీడర్ హిల్ దగ్గర నాలుగు వందల మీటర్లు మించిన టీవీ స్తంభాలు గుంపుగా ఉన్నాయి. అటువంటిది మరొకటి లేస్తే పాత పటానికి తెలియదు. పాత పటం ఉన్న ఖరీదైన పెట్టెకన్నా కొత్త పటం ఉన్న చవక పెట్టె నయం. ఏటా పటాలకు డబ్బు పెట్టలేనివాడు పెద్ద పెట్టె కొనడం, పెట్రోలుకు డబ్బు లేనివాడు కారు కొన్నట్టే.

కుర్రవాళ్ళు బాగా మెచ్చుకునేది వానల బొమ్మ. తెరమీద ఎక్కడ ఉరుముల వాన పడుతోందో ఎర్రగా, పసుపుపచ్చగా కనిపిస్తుంది. చూడడానికి ఎంత బాగుంటుందో! కాని అది ఎన్నో రాడార్ల బొమ్మలను కలిపి, పంపి, గీసిన బొమ్మ. తెరమీద "ఒక నిమిషం క్రితంది" అని రాసి ఉన్నా, అసలు వాన సంగతి అంతకన్నా 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చునని అమెరికా రవాణా భద్రతా సంస్థ 2012లో పైలట్లను హెచ్చరించింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కదిలే తుఫాను మేఘం 20 నిమిషాలలో ఎంత దూరం పోతుందో మీరే లెక్క చూడండి. బొమ్మలో రెండు ఎర్ర మచ్చల మధ్య సందు కనబడుతుంది. పైలట్ ఆ సందులోకి తిప్పుతాడు. అప్పటికి అక్కడ సందు ఉండదు. ఏ పక్కకు పోకూడదో నిర్ణయించుకోవడానికే ఆ బొమ్మ పనికొస్తుంది. దాని మధ్యలోంచి దూరి పోవడానికి పనికిరాదు.

పెట్టె ఎంత మంచిదైనా ఒక లోపం మాత్రం పోదు. ఉపగ్రహం నుంచి మనకు చేరే రేడియో శక్తి అత్యల్పం. దగ్గరలో మరేదైనా అదే తరంగాలమీద గట్టిగా కూస్తే ఉపగ్రహం మాట వినబడదు. 2022 అక్టోబరులో డాలస్ చుట్టుపక్కలే ఇలా జరిగింది. ఒక రోజుకు పైగా జి.పి.ఎస్. నమ్మదగినదిగా లేదని హెచ్చరించారు. పెద్ద విమానాలను వేరే దారులలో నడిపారు. ఎందుకు జరిగిందో విచారించి కూడా తేల్చలేకపోయారు.

మావాడు చివరికి చిన్న పెట్టే కొన్నాడు. నేను ఒక్క షరతు పెట్టాను. పెద్ద విమానాశ్రయానికి దూరంగా, పక్క సీటులో మరో పైలట్ ఉన్నప్పుడు, ప్రతి ప్రయాణంలోనూ పది నిమిషాలు పెట్టెమీద జేబురుమాలు కప్పాలి. పటంమీద పెన్సిలుతో తానున్న చోటు గుర్తు పెట్టాలి. పటంలో ఒక సెంటీమీటరు అంటే నేలమీద ఐదు కిలోమీటర్లు. తరవాత రుమాలు తీసి, తన గుర్తుకూ పెట్టె చూపే చోటుకూ ఎంత తేడా ఉందో కొలిచి నాకు చెప్పాలి.

మొదటిసారి తేడా తొమ్మిది కిలోమీటర్లు వచ్చింది. సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ పైవారం ఆరు. ఓసారి గాలి ఎటు వీస్తోందో లెక్కలో కలపడం మరచిపోయి మళ్ళీ ఎనిమిదికి పోయాడు. మొన్నటిది రెండున్నర. అంకెలన్నీ నా డైరీలో రాసి పెట్టాను. ఇవాళ వాడు ఎగిరే రోజు. ఫోను ఇంకా రాలేదు.